ఉదయగిరి ఆర్నెల్లకే లొంగి ఉంటే...

గెలుపు కాస్త ముందొస్తే చరిత్ర మారిపోతుందా? రోము సేనాని బెలిసారియస్ కథనూ మన కృష్ణదేవరాయల కథనూ పక్కపక్కన పెట్టి చూస్తే... కొండపల్లి నుంచి తిరువూరు దాకా ఉన్న మన మామిడితోటల సీమ గురించి ఓ కొత్త సంగతి తెలుస్తుంది.

'ఆదిత్య 369' గుర్తుందిగా! 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమాలో కాలయంత్రం ఎక్కినవాళ్లు నేరుగా శ్రీకృష్ణదేవరాయల కాలంలో దిగుతారు. కొలువు చూస్తారు, తెనాలి రామకృష్ణుణ్ని కలుస్తారు, అక్కణ్నుంచి భవిష్యత్తులోకి ఎగిరిపోతారు. చరిత్ర మాత్రం తన దారిన తాను సాగిపోతుంది.

అదే యంత్రం ఒక్కపూట మన చేతికి వచ్చిందనుకోండి. దాన్ని 1513లో ఉదయగిరి కొండ కింద, రాయలవారి శిబిరం పక్కన దింపామనుకోండి. కోటలోకి దారెటో ఆయన చెవిలో ఊదామనుకోండి. ఏడాదిన్నర సాగిన ముట్టడి ఆర్నెల్లకే ముగిసిపోతుంది. అప్పుడేమవుతుంది? కృష్ణకు ఉత్తరాన ఉన్న సీమ విజయనగరానికే ఉండిపోయేదా? గోల్కొండ అంతగా ఎదిగేదా? అసలు తళ్లికోట యుద్ధం జరిగేదా?

ఇలాంటి ప్రశ్నలు వేసుకుని జవాబులు వెతకడాన్ని 'ప్రత్యామ్నాయ చరిత్ర' అంటారు. పైకి కాలక్షేపం కబుర్లలా కనిపిస్తుంది. కానీ జరిగినదాంట్లో ఒక్క ముక్క మార్చి చూస్తే, మిగతా ముక్కల్లో ఏది దేని మీద ఆధారపడి నిలబడిందో తెలిసిపోతుంది. పాశ్చాత్యులు ఈ ఆట ఆడటానికి ఎంచుకున్న చోట్లలో ఒకటి ఆరో శతాబ్దపు ఇటలీ. ముందు అక్కడికి వెళ్లొద్దాం. ఎందుకంటారా? ఆ కథకూ మన కథకూ ఉన్న పోలికలు చూస్తే మీకే తెలుస్తుంది.

రోము కోసం ఇరవై ఏళ్లు

రోమన్ సామ్రాజ్యం రెండుగా చీలాక పడమటి సగం కూలిపోయింది. ఇటలీ గోతుల చేతిలోకి, ఉత్తర ఆఫ్రికా వాండల్స్ చేతిలోకి వెళ్లాయి. తూర్పు సగం మాత్రం కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) రాజధానిగా నిలబడింది. దాన్నే బైజాంటియం అంటాం. ఆ సింహాసనమెక్కిన జస్టీనియన్ చక్రవర్తికి ఒకటే కోరిక... తాతలనాటి భూములు మళ్లీ తనవి కావాలి.

533లో సేనాని బెలిసారియస్‌ను దాదాపు పదిహేను వేలమంది సైనికులతో ఆఫ్రికా పంపాడు. ఆ ఏడు సెప్టెంబరులోనే కార్తేజ్ నగరం చేజిక్కింది. మరుసటి ఏడు వాండల్ రాజు లొంగిపోయాడు. అంత తేలిగ్గా గెలిచేసరికి ఇటలీ కూడా అంతేననుకున్నాడు చక్రవర్తి. 535లో బెలిసారియస్‌ను మళ్లీ పంపాడు. ఈసారి ఇచ్చిన సైన్యం ఎనిమిది వేలకు లోపే!

మొదట్లో అంతా బాగానే ఉంది. సిసిలీ వచ్చింది. 536 డిసెంబరులో రోము నగరం వచ్చింది. కథ అక్కడే అడ్డం తిరిగింది. గోతులు వచ్చి అదే రోమును చుట్టుముట్టి, ఏడాది తొమ్మిది రోజులు కదల్లేదు. ఊరికి నీళ్లు తెచ్చే కాలువ వంతెనలు తెగ్గొట్టారు. తర్వాత సాయానికి వచ్చిన నార్సెస్‌కూ బెలిసారియస్‌కూ పడలేదు. వాళ్ల పంతాల మధ్య 539లో మిలాన్ నగరం నాశనమైపోయింది.

540లో గోతుల రాజధాని రవెన్నాను బెలిసారియస్ చుట్టుముట్టాడు. అప్పుడు జస్టీనియన్ ఓ రాజీ బేరం పంపాడు. పో నదికి ఉత్తరాన ఉన్నది గోతులకే వదిలేద్దాం, దక్షిణాన ఉన్నది మనం తీసుకుందాం అన్నది దాని సారాంశం. బెలిసారియస్ ఆ కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. మొత్తం గెలవాల్సిందేనన్నాడు. ఎత్తువేసి రవెన్నాలో అడుగుపెట్టాడు కూడా. ఈ నది బేరం మాట గుర్తుపెట్టుకోండి. మన కథలో మళ్లీ వస్తుంది.

అదే ఏడు తూర్పున పారశీక రాజు ఖుస్రో దండెత్తి అంతియోకు నగరాన్ని దోచుకున్నాడు. 541, 542ల్లో ప్లేగు వచ్చి సామ్రాజ్యాన్ని ఊడ్చేసింది. చక్రవర్తికే సోకింది, బతికి బయటపడ్డాడు. ఇటలీలో టోటిలా అనే కొత్త గోతు రాజు లేచి పోయినవన్నీ మళ్లీ గెలుచుకోసాగాడు. చివరికి 552లో నార్సెస్ చేతిలో అతను చచ్చేదాకా యుద్ధం ఆగలేదు. 554లో ఇటలీకి కొత్త పాలన వచ్చింది. కానీ ఏలడానికి మిగిలిందేముంది? పాడుబడ్డ ఊళ్లు, బీడుపడ్డ పొలాలు. పద్నాలుగేళ్లు తిరిగేసరికి 568లో ఉత్తరాన్నుంచి లాంబార్డులు దిగివచ్చి, ఇటలీలో చాలా భాగం ఆక్రమించేశారు. ఇద్దరు కొట్టుకుంటే మూడోవాడికి దక్కింది.

అందుకే అక్కడివాళ్లు 'బెలిసారియస్ ఇంకాస్త తొందరగా గెలిచి ఉంటే' అని ఊహించుకుంటారు. స్ప్రేగ్ డి క్యాంప్ అనే అమెరికా రచయిత దీన్ని తిరగేసి, గోతులే గెలిచేలా ఓ నవల రాశాడు. పేరు 'లెస్ట్ డార్క్‌నెస్ ఫాల్'. 1941లో పుస్తకంగా వచ్చింది. అందులో ఇరవయ్యో శతాబ్దపు పురాతత్వ పండితుడొకడు 535 నాటి రోములో ఊడిపడతాడు. అంటే 'ఆదిత్య 369'కి యాభై ఏళ్ల ముందే అక్కడ ఆ ముచ్చట తీర్చుకున్నారన్నమాట!

ముసలిరాజు వదిలిన మూడు బాకీలు

ఇక మన ఇంటికొద్దాం. పదిహేనో శతాబ్దం మధ్యలో కళింగ గజపతి కపిలేంద్రదేవుడు తూర్పుతీరం పొడవునా దక్షిణానికి దిగివచ్చాడు. రాజమహేంద్రవరం, కొండపల్లి, కొండవీడు... రెడ్డిరాజులు కట్టుకుని ఏలుకున్న కోటలన్నీ ఓఢ్ర రాజుల చేతిలోకి వెళ్లాయి. ఉదయగిరి కోసం విజయనగరానికీ గజపతులకూ చాలాకాలం పెనుగులాట నడిచింది. చివరికి సాళువ నరసింహరాయలు ఆ కోటను పోగొట్టుకుని, 1491లో కన్నుమూశాడు.

పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నునిజ్ 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉండి అక్కడ విన్న సంగతులన్నీ రాసిపెట్టాడు. మరణశయ్య మీద ముసలిరాజు చెప్పిన చివరి మాట అందులో ఉంది. మూడు కోటలు తాను సాధించలేకపోయానని, తనకు కాలం చాల్లేదని, తన తర్వాతివాళ్లు వాటిని సాధించాలని చెప్పాడట. ఆ మూడూ ఏమిటంటే... రాయచూరు, ఉదయగిరి, కొండవీడు.

ఆ జాబితాలో మన కొండపల్లి లేదు. చిన్న సంగతిలా ఉంది కదూ! మొత్తం కథకు తాళంచెవి ఇదే.

1509లో గద్దెనెక్కిన కృష్ణదేవరాయలు ఆ మూడు బాకీలూ తీర్చే పనిలో పడ్డాడు. అప్పుడు కటకంలో ఉన్నది కపిలేంద్రుడి మనవడు ప్రతాపరుద్ర గజపతి. ఆయన ఏలుబడి కళింగం నుంచి నెల్లూరు సీమ దాకా విస్తరించి ఉన్నా, ఉత్తరాన బంగాళా సుల్తాను హుసేన్ షాతో తలనొప్పి ఉండనే ఉంది. జస్టీనియన్‌కు పారశీకం ఎలాగో గజపతికి బంగాళా అలాగ.

కొండ తొలిచి... దారి వేసి

నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి కొండ మూడువేల అడుగుల ఎత్తు. చుట్టూ నిట్రాయిలా నిలబడ్డ బండలు, దట్టమైన అడవి. నునిజ్ లెక్కలో రాయలు వెంట తెచ్చింది 34 వేల కాలిబలం, 800 ఏనుగులు. కోటలో ఉన్నది పదివేల కాలిబలం, 400 గుర్రాలు. అంతకుమించి అక్కర్లేదట. ఆకలితో మాడ్చడం తప్ప ఆ కోటను గెలవడానికి వేరే దారే లేదంటాడాయన. రాయల మనుషులు బండలు పగలగొట్టి, కొండల మధ్య కొత్త దారులు తొలుచుకుంటూ పైకి పాకారు. అలా ఏడాదిన్నర.

1514 జూన్‌లో కోట లొంగింది. గజపతి బంధువు తిరుమలరాయుడు పట్టుబడ్డాడు. రాయలు అక్కణ్నుంచి నేరుగా తిరుమల కొండెక్కి, జులైలో శ్రీనివాసుడికి 30 వేల బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. ఉదయగిరి నుంచి తెచ్చిన బాలకృష్ణుడి విగ్రహానికి హంపీలో గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. ఆ బాలకృష్ణుడిప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాడు.

ఒక కోటకు ఏడాదిన్నర పట్టిందా... తర్వాతివి చకచకా పడిపోయాయి. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ వరసపెట్టి లొంగాయి. 1515 జూన్ 23న కొండవీడు వచ్చేసింది. అందులో గజపతి కొడుకు వీరభద్రుడు బందీగా చిక్కాడు. నునిజ్ అతను అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడని రాశాడు. కర్ణాటకలోని ఓ శాసనం మాత్రం వేరే మాట చెబుతోంది. రాయలు అతనికి మలెబెన్నూరు సీమ ఇచ్చాడనీ, అతను అక్కడి జనానికి పెళ్లిళ్ల మీద పన్ను తీసేశాడనీ అందులో ఉంది. జస్టీనియన్ కూడా లొంగిన వాండల్ రాజుకు భూములిచ్చి బతకనిచ్చాడు. ఓడినవాణ్ని ఆదరిస్తే వాడి మనుషులు తేలిగ్గా దారికొస్తారన్న లెక్క ఇద్దరికీ తెలుసు.

కొండవీటితో కృష్ణకు దక్షిణాన ఉన్న బాకీలు తీరిపోయాయి. ఆగొచ్చు. రాయలు ఆగలేదు. ఏరు దాటాడు.

ఏరు దాటాక...

బెజవాడ దాటి వాయవ్యంగా చూస్తే కొండపల్లి కొండలు. రెడ్డిరాజుల కాలంలో, పద్నాలుగో శతాబ్దంలో కట్టిన కోట అది. నునిజ్ లెక్కలో ఇక్కడ ముట్టడి మూడు నెలలు నడిచింది. కోటలో గజపతి భార్య, పెద్దపెద్ద పాత్రులు బందీలయ్యారు. కొండపల్లి పడిపోవడంతో ఉత్తరానికి దారులన్నీ తెరుచుకున్నాయి.

ఇప్పుడు మీరు కొండపల్లి నుంచి బయల్దేరి మైలవరం మీదుగా రెడ్డిగూడెం, విస్సన్నపేట, తిరువూరు వైపు వెళ్తే... ఒకపక్క గుట్టలు, మరోపక్క మామిడితోటలు. పాత కృష్ణా జిల్లాలో మెరకసీమ ఇది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఇది దాటితే ఖమ్మం. అంటే కొండపల్లి కోటకూ ఖమ్మంమెట్టు కోటకూ నడిమి నేల. రెండూ ఎవరి చేతిలో ఉంటే ఈ సీమ వాళ్లది. రాయల శాసనాలు కొండపల్లి తర్వాత ఆయన సాధించిన కోటల పేర్లు ఏకరువు పెడతాయి. అనంతగిరి, ఉండ్రకొండ, ఉర్లుగొండ, అరువపల్లి, జల్లిపల్లి, నల్లగొండ, ఖమ్మంమెట్టు, కనకగిరి... సూర్యాపేట నుంచి ఖమ్మం దాకా గుట్టగుట్టకూ ఓ కోట. ఓరుగల్లు, ఖమ్మం వైపు అప్పట్లో సితాపతి అనే వీరుడి పట్టు ఉండేది. సుల్తానుల చరిత్రకారులు షితాబ్‌ఖాన్ అని రాసింది ఇతన్నే.

అక్కణ్నుంచి రాజమహేంద్రవరం, ఆపైన సింహాచలం. 1516లో రాయలు అప్పన్నకు నగలు సమర్పించినట్టు గుడిలో శాసనం ఉంది. పొట్నూరులో జయస్తంభం నాటాడు.

ఈ దండయాత్రలోనే ఇంకో ముచ్చట జరిగింది. రాయలు బెజవాడలో కొన్నాళ్లు విడిది చేసి, ఏటి గట్టునే ఉన్న శ్రీకాకుళం వెళ్లాడు. ఇది ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, ఘంటసాల దగ్గరున్న ఊరు. అక్కడ ఏకాదశి ఉపవాసమున్న రాత్రి ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి, తెలుగులో కావ్యం రాయమన్నాడని రాయలే 'ఆముక్తమాల్యద'లో చెప్పుకొన్నాడు. అంటే తెలుగువాళ్లకు ఆ కావ్యం ఇచ్చింది ఈ యుద్ధమే.

ఏటికి ఇవతలిది నాది... అవతలిది నీది

1519 ప్రాంతంలో సంధి కుదిరింది. ప్రతాపరుద్రుడు కూతుర్నిచ్చి పెళ్లి చేశాడు. ఆమె పేరు కొన్ని గ్రంథాల్లో జగన్మోహిని, కొన్నింట్లో అన్నపూర్ణ, జనం నోట తుక్కాదేవి. సంధిలో అసలు సంగతి వేరే ఉంది. ఏటికి దక్షిణాన ఉన్నది రాయలు ఉంచుకున్నాడు. ఉత్తరాన గెలిచిందంతా మామగారికి తిరిగిచ్చేశాడు!

కొండపల్లి పోయింది. రాజమహేంద్రవరం పోయింది. మైలవరం, రెడ్డిగూడెం, తిరువూరు సీమంతా మళ్లీ గజపతిది. చివరికి కలలో దేవుడు కనిపించిన శ్రీకాకుళం కూడా కృష్ణకు ఎడమగట్టున, తిరిగిచ్చేసిన వైపే ఉంది. ఏళ్ల తరబడి నెత్తురు ధారపోసి గెలిచింది ఒక్క కలంపోటుతో ఎందుకు వదిలేశాడు?

ముసలిరాజు జాబితా మళ్లీ ఓసారి చూడండి. ఉదయగిరి... వచ్చింది. కొండవీడు... వచ్చింది. మిగిలింది రాయచూరు. దానికి బీజాపూరు సుల్తానుతో తలపడాలి. వెనక తూర్పున పగవాడు ఉండగా పడమటికి పోవడం ప్రమాదం. కృష్ణకు ఉత్తరాన డజను కొండకోటల్లో దళాలు కూర్చోబెడితే, పడమటికి తీసుకెళ్లడానికి మిగిలేదెంత? అందుకే తండ్రులనాటి బాకీ ఉంచుకుని, పైన వచ్చిన వడ్డీ వదిలేశాడు. 1520 మే 19న రాయచూరు దగ్గర ఆదిల్‌షాను చిత్తుగా ఓడించాడు. జాబితా పూర్తయింది.

జస్టీనియన్ పో నది దగ్గర గీయాలనుకున్న గీతను రాయలు కృష్ణ దగ్గర గీశాడన్నమాట. అక్కడ సేనాని ఒప్పుకోలేదు. ఇక్కడ రాజూ సేనానీ ఒక్కరే కాబట్టి పని జరిగిపోయింది.

తలుపు తీసి పెట్టినట్టు

కానీ ఏటికి అవతల ఉన్నది ఒకప్పటి గజపతి కాదు. కోటలు దెబ్బతిన్నాయి, పాత్రులు బందీలయ్యారు, ఖజానా ఖాళీ. సరిగ్గా అదే సమయంలో గోల్కొండలో ఒకాయన తలెత్తాడు. సుల్తాన్ కులీ కుతుబుల్‌ముల్క్. 1518లో బహమనీ సుల్తాను మహ్మూద్ షా చనిపోయాక ఆయనకు పైన అడిగేవాడు లేకుండా పోయాడు. రాయలు 1529లో పోయాడు. దానికి కొన్నేళ్లు అటూ ఇటుగా సుల్తాన్ కులీ సితాపతిని ఓడించి ఓరుగల్లు, ఖమ్మం పట్టాడు. గజపతి బలగాలను తరిమి కొండపల్లి పట్టాడు.

ఇటలీలో లాంబార్డులకు దొరికినట్టే ఇక్కడ గోల్కొండకు దొరికింది. కృష్ణా డెల్టా పంట దొరికింది. సముద్రం దొరికింది. మచిలీపట్నం గోల్కొండ రేవయింది. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు వచ్చి దిగింది అక్కడే. ప్రతాపరుద్రుడు 1540లో పోయిన కొద్దికాలానికే గజపతుల వంశం మంత్రి గోవింద విద్యాధరుడి చేతిలో అంతమైంది. 1565లో తళ్లికోట. 1568లో కళింగం బంగాళా సుల్తానుల పాలయింది. మరికొన్నేళ్లకు రాజమహేంద్రవరం, 1579-80 నాటికి కొండవీడు కూడా గోల్కొండవే. ముసలిరాజు మూడు బాకీలూ మళ్లీ పరుల చేతికే వెళ్లాయి.

రెండు యుద్ధాలు... ఒక్క చూపులో

* తొలి గెలుపు: అక్కడ ఆఫ్రికా (533-534). ఇక్కడ దక్షిణాన ఉమ్మత్తూరు.
* ఏళ్లు మింగిన ముట్టడి: అక్కడ రోము (537-538), ఏడాది తొమ్మిది రోజులు. ఇక్కడ ఉదయగిరి (1513-1514), ఏడాదిన్నర.
* నది గీత: అక్కడ పో, సేనాని కాదన్నాడు. ఇక్కడ కృష్ణ, రాజు సరేనన్నాడు.
* వెనక నుంచి పోటు: అక్కడ పారశీకం జస్టీనియన్‌కు. ఇక్కడ బంగాళా గజపతికి, బీజాపూరు రాయలకు.
* చివరికి లాభపడ్డది: అక్కడ లాంబార్డులు (568). ఇక్కడ గోల్కొండ.

ఇప్పుడు యంత్రం తిప్పుదాం

మొదటి మీట: ఉదయగిరి ఆర్నెల్లకే లొంగింది. ఏడాది కలిసొచ్చింది. కొండవీడు 1514లో, సింహాచలం 1515లో, సంధి 1518లో. రాయచూరు కూడా ఏడాది ముందే. అంతా ముందుకు జరిగింది సరే, పటం మారిందా? లేదు. రాయలు అవతలి గట్టు వదిలేసింది అలిసిపోయి కాదు, అది తన బాకీల్లో లేదు కాబట్టి. ఏడాది ముందైనా ఆ పనే చేసేవాడు. ఒక్కటి మాత్రం మారొచ్చు. హడావుడిగా ఉత్తరానికి పరిగెత్తే రాజు బెజవాడలో ఆగి, శ్రీకాకుళం వెళ్లి ఉపవాసం ఉండేవాడా? ఏడాది మిగిలి 'ఆముక్తమాల్యద' పోయేదేమో!

రెండో మీట: తొందరగా గెలిచాడు, గెలిచింది తిరిగివ్వలేదు. ఇది పటాన్ని మార్చే మీటే. కొండపల్లి, ఖమ్మం రెండూ విజయనగరం చేతిలో ఉంటే గోల్కొండకు సముద్రం లేదు, డెల్టా లేదు. నాలుగు పక్కలా భూమి ఉన్న చిన్న రాజ్యంగా మిగిలేది. కానీ ఎన్నాళ్లు? దీనికి చరిత్రే జవాబిచ్చింది. రాయలు పోయిన మరుసటి ఏడే, 1530లో, ఆదిల్‌షా రాయచూరు లాగేసుకున్నాడు. అంత ప్రాణంగా సాధించిన, రాజధానికి దగ్గర్లో ఉన్న కోటే ఏడాది నిలవలేదు. అంత దూరాన ఉన్న కొండపల్లి, ఖమ్మం నిలిచేవా?

మూడో మీట: అసలు యుద్ధమే జరగలేదు. 1519లో కుదిరిన సంధి 1513కు ముందే కుదిరింది. ఉదయగిరి, కొండవీడు రాయలకు ఇచ్చేసి, కూతుర్నిచ్చి, గజపతి తన బలంతో తాను కృష్ణకు ఉత్తరాన గట్టిగా నిలబడ్డాడు. రెండు పెద్ద రాజ్యాలు చుట్టాలుగా ఉంటే మధ్యలోకి మూడోవాడు రావడం కష్టం. మూడింట్లో పటాన్ని ఎక్కువకాలం నిలబెట్టగలిగేది ఇదే. కానీ రాజులకు యుద్ధం అయ్యాకే సంధి విలువ తెలుస్తుంది. ఇటలీలోనూ అంతేగా!

మరి వేగానికి విలువే లేదా అంటే, ఉంది. అది రాజులకు కాదు, జనానికి. ఇటలీలో పికెనమ్ అనే ఒక్క సీమలోనే యాభైవేలమంది రైతులు ఆకలితో చనిపోయారని ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. యుద్ధం ఐదేళ్లకే ఆగి ఉంటే తర్వాతి పన్నెండేళ్ల ఆకలి తప్పేది. కొండకోట పని గెలిపించడం కాదు, ఆలస్యం చేయడం. కొండ మీద కూర్చున్నవాడు గింజలు దాచుకుని రోజులు నెట్టుకొస్తాడు. కొండ కింద కూర్చున్నవాడు ఏడాదిన్నరపాటు వేలమందికి, వందల ఏనుగులకు తిండి సమకూర్చాలి. అదంతా ఎక్కణ్నుంచి వస్తుంది? చుట్టుపక్కల ఊళ్ల గాదెల్లోంచే.

పోగొట్టుకునేవీ ఉంటాయి

ప్రత్యామ్నాయ చరిత్రలో అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది. ఒకటి కలిపితే ఒకటి తీసెయ్యాలి. గోల్కొండ చిన్న రాజ్యంగా మిగిలి ఉంటే మనకు పోయేవేమిటి? తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని ముద్దుగా పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా ఉండేవాడు కాదేమో. అద్దంకి గంగాధరుడు ఆయనకు 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగన అచ్చతెలుగులో 'యయాతి చరిత్ర' రాసి ఇచ్చాడు. అదీ ఉండేది కాదు. మచిలీపట్నం కలంకారీ మీద పారశీకపు తీగెలు, పూలు విరిసేవి కావు.

పేర్లూ మారేవి. కొండపల్లి సీమ గోల్కొండ తర్వాతి రోజుల్లో 'ముస్తఫానగర్ సర్కారు' అయింది. అలాంటి ఐదు సర్కార్లను కలిపి ఇంగ్లిషువాళ్లు 'ఉత్తర సర్కారులు' అన్నారు. మన పెద్దలు కోస్తాను 'సర్కారు జిల్లాలు' అన్నది అందుకే. రాయలు ఏటికి అవతలిది వదిలేయడంతో మొదలైన కథ అలా మన నాలుక మీద దాకా వచ్చింది.

ఒక్క జీవితం... మూడు మార్పులు

చివరిగా ఒక్క లెక్క వేద్దాం. కొండపల్లికీ ఖమ్మానికీ నడుమ ఇప్పుడు రెడ్డిగూడెం ఉన్న ఈ మెరకనేల మీద 1500లో ఓ రైతుబిడ్డ పుట్టాడనుకుందాం. పుట్టినప్పుడు రాజు గజపతి. పదహారేళ్లు వచ్చేసరికి రాయలు. పందొమ్మిదేళ్లకు మళ్లీ గజపతి. నలభై దాటకముందే గోల్కొండ సుల్తాను. ఒక్క మనిషి జీవితంలో మూడుసార్లు రాజు మారాడు. మారిన ప్రతిసారీ కొత్త దళం, కొత్త అధికారి, శిస్తుకు కొత్త లెక్క. ఎవరు గెలిచినా ఇవ్వాల్సింది ఇతనే.

సింహాచలం శాసనంలో రాయల పేరుంది. సంధిలో మామా అల్లుళ్ల పేర్లున్నాయి. పోర్చుగీసువాడి రాతల్లో ఏనుగుల లెక్క కూడా ఉంది. ఈ రైతు పేరు ఎక్కడా లేదు. రాయలకు ఆ సంగతి తెలియదనలేం. చెరువులూ కాలువలూ తవ్వించి, పేదరైతు మీద పన్ను తగ్గిస్తేనే రాజ్యం పెరుగుతుందని 'ఆముక్తమాల్యద'లో రాజనీతి చెప్పింది ఆయనే. యుద్ధం నడిపిన చేత్తోనే ఆ మాట రాశాడు. కాలయంత్రం నిజంగా దొరికితే కోటలోకి దారి ఆయనకు చెప్పక్కర్లేదు. ఆ పద్యం ఆయన రాయకముందే ఓసారి ఆయనకు చూపించి వస్తే చాలు.